వికలాంగుల పార్కింగ్‌కు అర్హులెవరు? నడకను కొలిచి చెప్పండి

పాతబస్తీలో ఈసారి ఏ పెద్ద ఆసుపత్రికి వెళ్లినా గేటు ప్రక్క గోడను ఒకసారి గమనించండి. చక్రాల కుర్చీ బొమ్మ వేసిన నీలిరంగు పలక కనబడవచ్చు, కనబడకపోవచ్చు. కనబడితే మాత్రం దాని క్రింద నిలిపి ఉన్న బండి ఎవరిదో కనుక్కోండి. ఆ జాగా ఎవరి కొరకు కేటాయించారో వారిది కాదని తెలుసుకొనడానికి మీకు ఎక్కువ సేపు పట్టదు.

అసలు ఆ జాగా ఎవరిది? ఈ ప్రశ్నకు మన నగరంలో రెండు జవాబులు వినబడుతూ ఉంటాయి. మొదటిది కార్యాలయాల జవాబు: సదరం సర్టిఫికెట్ మీద 40 శాతం గాని, అంతకు మించి గాని వైకల్యం నమోదైనవారిది. రెండవది జనం జవాబు: ముసలివారిది, జబ్బుపడినవారిది, చూడగానే పాపమనిపించిన ప్రతివారిది. మొదటి జవాబు నిజంగా నడవలేని వేలమందిని గేటు బయటే నిలబెడుతుంది. రెండవది అమలైతే ఆ జాగాకు విలువే ఉండదు, ఎందుకంటే మన ఆసుపత్రులకు వచ్చేవారిలో జబ్బు లేనివారెవరు?

నా వాదన ఇది. బండి ఆగిన చోటు నుండి గుమ్మం దాకా ఈ మనిషి ప్రమాదం లేకుండా, తీవ్రమైన బాధ పడకుండా చేరుకోగలడా, లేడా? పార్కింగ్ పర్మిట్‌కు అడగవలసిన ప్రశ్న ఈ ఒక్కటే. రోగం పేరు, వయస్సు, వైకల్యపు శాతం అన్నీ దీని తరువాతివే.

పర్మిట్టే లేని ఊరిలో ఈ చర్చ ఎందుకు?

మన దేశంలో అంతటా చెల్లే వికలాంగుల పార్కింగ్ పర్మిట్ అంటూ ఒకటి లేదు. 2020 అక్టోబరులో కేంద్ర రవాణా శాఖ మోటారు వాహన నిబంధనలను సవరించి, బండి వికలాంగుల యాజమాన్యంలో ఉన్నట్లు రిజిస్ట్రేషన్‌లో నమోదు చేసే వీలు కల్పించింది. అది మంచిదే. కాని అది బండికి సంబంధించిన గుర్తింపు. సొంత కారు లేని మనిషికి దానివలన ఒరిగేదేమీ లేదు. యూడీఐడీ కార్డు ఉన్నది గాని, దాని మీద వైకల్యం రకమూ శాతమూ ఉంటాయే తప్ప, ఈ మనిషి ఎంత దూరం నడవగలడన్న సంగతి ఉండదు. కనుక గేటు దగ్గర నిలబడిన కానిస్టేబులో, సెక్యూరిటీ గార్డో మనిషి ముఖం చూసి, బండి చూసి, ఒక్కోసారి మాట తీరు చూసి నిర్ణయం చేస్తున్నాడు. వ్రాసిపెట్టిన నియమం లేని చోట నోరున్నవాడిదే నియమం అవుతుంది.

పాతబస్తీకి ఈ విషయం మరింత అవసరం. చార్మినార్ చుట్టూ వాహనాలను కట్టడి చేసి ఆ ప్రాంతాన్ని పాదచారులకు కేటాయించారు. 1591 నాటి కట్టడాన్ని పొగ నుండి, అదురు నుండి కాపాడాలన్న ఆ నిర్ణయాన్ని నేను సమర్థిస్తాను. కాని ఆ కట్టడం ఎదుటనే ప్రభుత్వ నిజామియా యునానీ ఆసుపత్రి ఉన్నదన్న సంగతి మరువరాదు. పక్షవాతానికి, కీళ్ల జబ్బులకు యునానీ వైద్యాన్ని నమ్ముకొన్న మనుషులు అక్కడికి వస్తారు. మదీనా చౌరస్తా నుండి చార్మినార్ దాకా నడక అర కిలోమీటరుకు పైమాటే. ఆరోగ్యవంతునికి అది పత్తర్‌గట్టీ దుకాణాలు చూసుకొంటూ సాగిపోయే దారి. ఒక కాలు ఈడ్చుకొంటూ నడిచే మనిషికి అదే పెద్ద పరీక్ష.

ఇంకొక సంగతి. పాతబస్తీకి మెట్రో వస్తున్నది. మహాత్మాగాంధీ బస్ స్టేషన్ నుండి చాంద్రాయణగుట్ట దాకా ఏడున్నర కిలోమీటర్ల మార్గం కొరకు రోడ్ల వెడల్పు సాగుతున్నది. ఉస్మానియా ఆసుపత్రి కొత్త భవనాలకు 2025 జనవరి 31న గోషామహల్‌లో శంకుస్థాపన జరిగినది. రోడ్లూ గేట్లూ కొత్తగా గీస్తున్న కాలం ఇది. ఇప్పుడు అడగకపోతే సిమెంటు గట్టిపడిన తరువాత మళ్లీ ఒక తరం ఎదురుచూడవలసి వస్తుంది.

40 శాతం దేనిని కొలుస్తుంది?

1995 నాటి వికలాంగుల చట్టం ఏడు రకాల వైకల్యాలను గుర్తించింది. 2016 చట్టం ఆ సంఖ్యను 21కి పెంచింది. పార్కిన్సన్స్, మల్టిపుల్ స్క్లెరోసిస్, కండరాల క్షీణత, తలసీమియా, సికిల్ సెల్, హీమోఫీలియా, ఆటిజం వంటివి చేరాయి. ఇది గొప్ప ముందడుగు. రిజర్వేషన్లకు, పింఛనుకు 40 శాతం హద్దు కొనసాగింది. పరిమితమైన ఉద్యోగాలను, డబ్బును పంచేటప్పుడు ఏదో ఒక చోట గీత గీయక తప్పదు. ఆ గీతతో నాకు తగవు లేదు. పింఛను కొరకు గీసిన గీతను తెచ్చి పార్కింగ్ గేటు దగ్గర నాటడంతోనే నా తగవు.

అఫ్జల్‌గంజ్‌లో ఉస్మానియా గేటు ముందు ఒకే ఉదయం ముగ్గురు దిగారని ఊహించుకోండి.

మొదటి వ్యక్తి కార్ఖానా యంత్రంలో ముంజేయి పోగొట్టుకొన్న కార్మికుడు. ఆయన సర్టిఫికెట్ మీద 40 శాతం కంటె చాలా ఎక్కువే ఉంటుంది. ఆయనకు పింఛను రావాలి, పని దొరకాలి, కృత్రిమ హస్తం అందాలి. కాని ఆయన కాళ్లు చక్కగా ఉన్నవి. నాకంటె వేగంగా నడువగలడు.

రెండవ వ్యక్తి శాలిబండ నుండి ఆటోలో వచ్చిన యాభై అయిదేళ్ల గృహిణి. గుండె కండరం బలహీనపడి, అడుగుకొకసారి ఆగుతూ, రాత్రి మూడు దిండ్లు వేసుకొని గాని పడుకోలేని స్థితి. కాళ్లకు నీరు. చూడడానికి మాత్రం అవయవాలన్నీ సవ్యంగానే ఉన్నవి. గుండె వైఫల్యం ఆ 21 వైకల్యాలలో లేదు. ఆమె శాతం సున్న.

మూడవ వ్యక్తి లాడ్ బజారులో గాజుల దుకాణం నడిపే పెద్దాయన. షుగర్ వలన ఒక పాదం వేళ్లన్నీ తీసివేశారు. మన లెక్కల ప్రకారం వేళ్లన్నీ పోయినా 40 శాతానికి చేరదు. పాదానికి స్పర్శ లేదు గనుక నొప్పి తెలియదు. "నడవగలరా?" అని అడిగితే "బరాబర్ నడుస్తాను డాక్టర్ సాబ్" అంటారు. నడుస్తారు కూడా. ఇంటికి వెళ్లి చెప్పు విప్పితే మిగిలిన పాదం మీద కొత్త పుండు ఉంటుంది. ఇటువంటి పుండ్ల వెంటనే రెండవ ఆపరేషన్, మూడవ ఆపరేషన్ వస్తాయి.

ఈ ముగ్గురిలో గేటు దగ్గరి జాగా ఎవరికి ఇస్తారు? ఇప్పటి లెక్క మొదటివారికి ఇచ్చి, మిగిలిన ఇద్దరినీ రోడ్డవతల దిగి రమ్మంటుంది. దీనిని న్యాయమని ఎవరనగలరు?

ఇది ఈ ముగ్గురితో పోయేది కాదు. బీడీ వలన గాని, ఏళ్ల తరబడి కట్టెల పొయ్యి పొగ వలన గాని ఊపిరితిత్తులు దెబ్బతిని వంద మీటర్లు నడిచేలోగా ఆగిపోయేవారు ఆ జాబితాలో లేరు. వారానికి మూడుసార్లు, ఒక్కొక్కసారి నాలుగు గంటల చొప్పున డయాలిసిస్ చేయించుకొని, రక్తపోటు పడిపోయి గోడ పట్టుకొని బయటికి వచ్చే కిడ్నీ రోగులు లేరు. కాలి రక్తనాళాలు పూడుకొనిపోయి కొద్ది దూరానికే పిక్కలు బిగుసుకొనేవారు లేరు. కీమోథెరపీ తీసుకొంటున్నవారు లేరు. మరొక వైపు, జాబితాలో ఉన్న వినికిడి లోపానికి నడకతో సంబంధమే లేదు. జాబితా తప్పని నేననను. అది వేరే పనికి తయారైన జాబితా అంటున్నాను.

చట్టం చెప్పేది మనం అమలు చేసేదానికంటె పెద్దది

ఇక్కడ కొందరు "చట్టం ఒప్పుకోదు డాక్టరుగారూ" అంటారు. చట్టాన్ని తెరిచి చూడండి. 2016 చట్టంలో రెండు వేరు వేరు నిర్వచనాలు ఉన్నవి. ఒకటి 40 శాతానికి తగ్గని వైకల్యం గలవారిది. రెండవది అంతకంటె విశాలమైనది: దీర్ఘకాలిక శారీరక, మానసిక, బౌద్ధిక, ఇంద్రియ లోపం గలవారు, ఆ లోపమూ పరిసరాలలోని అడ్డంకులూ కలిసి తోటివారితో సమానంగా సమాజంలో పాల్గొనలేకపోతే, వారు వికలాంగులే. ఈ రెండవ నిర్వచనంలో శాతం మాటే లేదు. బస్ స్టాపులు, రైల్వే స్టేషన్లు, విమానాశ్రయాలలో పార్కింగ్ జాగా గురించి చెప్పే 41వ సెక్షను ఈ విశాలమైన మాటనే వాడింది. 40 శాతం గలవారికే అని ఆ సెక్షనులో ఎక్కడా లేదు.

సుప్రీంకోర్టు కూడా ఈ తేడాను స్పష్టం చేసింది. 2021 ఫిబ్రవరిలో వికాస్ కుమార్ కేసులో, వ్రాసేటప్పుడు చేతి కండరాలు బిగుసుకొనిపోయే జబ్బు గల ఒక సివిల్స్ అభ్యర్థికి లేఖరి సహాయం ఇవ్వవలసినదేనని తీర్పు చెప్పింది. ప్రతి సౌకర్యానికీ 40 శాతం హద్దు పెట్టడం చట్టం ఉద్దేశం కాదన్నది. పరీక్ష గదికి వర్తించిన సూత్రం ఆసుపత్రి గేటుకు ఎందుకు వర్తించదు?

2024 నవంబరు 8న రాజీవ్ రతూరి కేసులో అదే న్యాయస్థానం ఇంకొక అడుగు ముందుకు వేసింది. భవనాలూ రవాణా అందరికీ అందుబాటులో ఉండాలన్న ప్రమాణాలు కేవలం సలహాలుగా మిగిలిపోతే చాలదని, తప్పనిసరిగా పాటించవలసిన నియమాలు చేయాలని కేంద్రాన్ని ఆదేశించింది. ఆ కేసులో కోర్టుకు నివేదిక సమర్పించినది మన హైదరాబాదులోని నల్సార్ న్యాయ విశ్వవిద్యాలయపు వికలాంగుల అధ్యయన కేంద్రమే. దేశానికి దారి చూపిన నివేదిక మన ఊరిలో తయారైనది. మన ఊరి గేట్లకు మాత్రం దాని గాలి సోకలేదు.

వేరే దేశాలలో ఏమి కొలుస్తారు?

అమెరికాలో 1991 నాటి కేంద్ర ప్రమాణాలను చూడండి. ఆగకుండా 200 అడుగులు, అంటే సుమారు 60 మీటర్లు నడవలేనివారు అర్హులు. కర్ర, కాలిపర్, కృత్రిమ కాలు, చక్రాల కుర్చీ, లేదా మరొక మనిషి ఆసరా లేకుండా నడవలేనివారు అర్హులు. ఊపిరితిత్తుల జబ్బు ఒక హద్దు దాటినవారు, వెంట ఆక్సిజన్ పెట్టుకొని తిరిగేవారు అర్హులు. గుండె జబ్బు మూడవ, నాలుగవ తరగతిలో ఉన్నవారు అర్హులు. మూడవ తరగతి అంటే కూర్చుంటే బాగానే ఉండి, మామూలు కంటె తక్కువ పనికే ఆయాసం వచ్చే దశ. నాలుగవది కూర్చున్నా ఆయాసమే. తాత్కాలికంగా నడవలేనివారికి ఆరు నెలలకు మించని వేరే పర్మిట్ ఉన్నది.

బ్రిటన్‌లో 1971లో నారింజ రంగు బ్యాడ్జిగా మొదలై 2000లో నీలిరంగుకు మారిన పద్ధతి ఉన్నది. అక్కడ ప్రభుత్వ వైకల్య భత్యం లెక్కలో 50 మీటర్లకు మించి నడవలేరని తేలినవారికి బ్యాడ్జి నేరుగా లభిస్తుంది. సందేహం ఉన్నచోట ఫిజియోథెరపిస్టు వంటి నిపుణులు మనిషిని నడిపించి చూస్తారు. 2019 ఆగస్టు నుండి ఇంగ్లండులో పైకి కనబడని వైకల్యాలను కూడా చేర్చారు. తల్లి చేయి విదిలించుకొని హఠాత్తుగా రోడ్డు మీదికి పరుగెత్తే ఆటిజం బిడ్డ కాళ్లు బాగానే ఉంటాయి. కాని ఆ బిడ్డను రద్దీ రోడ్డు మీద క్షేమంగా నడిపించడం సాధ్యం కాదు. "ప్రమాదం లేకుండా చేరుకోగలడా" అన్న నా ప్రశ్నలోని మొదటి సగం ఇటువంటి బిడ్డల కొరకే. చూపు లేనివారు కూడా ఆ కారణం చేతనే అర్హులు.

చక్రాల కుర్చీ బొమ్మ 1968లో ఒక డానిష్ విద్యార్థిని గీసినది. ప్రపంచమంతా అర్థమయ్యే గుర్తు అది. అయితే దాని వలన ఒక అపోహ కూడా ప్రపంచమంతా వ్యాపించింది, చక్రాల కుర్చీలో ఉన్నవారే వికలాంగులని. కారులో నుండి నిటారుగా దిగిన మనిషిని "నీకేమి రోగం?" అని దబాయించే ముందు ఈ సంగతి గుర్తు తెచ్చుకోండి.

ఎవరికి ఇవ్వరాదు?

ఇప్పటిదాకా తల ఊపినవారిలో కొందరికి ఇకమీదట చెప్పేది నచ్చకపోవచ్చు.

వయస్సు అర్హత కాదు. డెబ్బయి ఏళ్లు నిండినంత మాత్రాన నాకు ఆ జాగా మీద హక్కు లేదు. ఉదయం పబ్లిక్ గార్డెన్స్‌లో నాలుగు చుట్లు తిరిగే పెద్దమనిషి మధ్యాహ్నం ఆసుపత్రి గేటు దగ్గర వయస్సు చూపించరాదు.

షుగర్, బీపీ అర్హతలు కావు. స్టెంటు వేయించుకొని హాయిగా నడుస్తున్నవారు అర్హులు కారు. వారికి నడకే మందు. మోకాళ్లు నొప్పిగా ఉన్న ప్రతివారూ అర్హులు కారు. కీళ్లు అరిగినా కర్ర ఊతంతో, నొప్పి మాత్రతో ఆ కొద్ది దూరం నడవగలిగినవారు నడవవలసినదే. నడవగలిగినవారిని నడవకుండా చేయడం వైద్యం కాదు. గర్భిణి అయినంత మాత్రాన శాశ్వత పర్మిట్ అక్కరలేదు. పేట్లబుర్జు ప్రసూతి ఆసుపత్రి వంటి చోట గుమ్మం దాకా బండి వెళ్లే ఏర్పాటు ఉంటే చాలు.

సర్టిఫికెట్ ఉండి నడకకు ఇబ్బంది లేనివారు ఈ ఒక్క సౌకర్యం విషయంలో ప్రక్కకు తప్పుకోవలసి ఉంటుంది. ఇది వారి హక్కులను తగ్గించడం కాదు. వినికిడి లేనివారికి కావలసినది ఓపీ కౌంటరు దగ్గర సంజ్ఞాభాష తెలిసిన మనిషి, టోకెను నంబరు కనబడే తెర. అవి ఇవ్వకుండా పార్కింగ్ జాగా చూపించడం కంటితుడుపు.

కుర్చీకి వెడల్పు కావాలి, ఆయాసానికి దగ్గరితనం కావాలి

గుండె, ఊపిరితిత్తుల రోగులను చేర్చితే చక్రాల కుర్చీవారికి జాగా మిగలదన్నది ఈ వాదనకు ఎదురయ్యే గట్టి అభ్యంతరం. వికలాంగుల సంఘాల మిత్రులకు ఉన్న ఈ భయం న్యాయమైనది. పోరాడి సంపాదించుకొన్న రెండు గళ్లలోకి ఇరవైమందిని తోస్తామంటే ఎవరు ఊరుకొంటారు?

జవాబు అవసరాలను విడదీయడంలో ఉన్నది. చక్రాల కుర్చీ వాడేవారికి తలుపు పూర్తిగా తెరిచి, కుర్చీని ప్రక్కకు తెచ్చి, శరీరాన్ని దానిలోకి మార్చుకొనేంత వెడల్పు కావాలి. అందుకే మన జాతీయ ప్రమాణాలు ఆ గడికి కనీసం 3.6 మీటర్ల వెడల్పు ఉండాలని, భవనపు గుమ్మానికి 30 మీటర్లలోపే ఉండాలని చెబుతున్నవి. కాలిపర్లు, కృత్రిమ కాళ్లు వాడేవారికి, అదనపు చక్రాలు బిగించిన స్కూటర్ల మీద వచ్చేవారికి కూడా ప్రక్కన ఖాళీ కావాలి. ఈ వెడల్పు గళ్లు వారివే. వాటిలోకి ఇంకెవరూ రారాదు.

ఆయాసపు రోగికి వెడల్పు అక్కరలేదు. అతనికి కావలసినది దగ్గరితనం, దిగిన చోట కూర్చొనడానికి ఒక బల్ల, లోపలి నుండి కుర్చీ తెచ్చే మనిషి. అతనికి బండి అక్కడ నిలిచి ఉండవలసిన పని కూడా చాలాసార్లు ఉండదు. పది నిమిషాలు ఆగి, దింపి, వెళ్లిపోతే చాలు. కనుక పర్మిట్ రెండు రకాలుగా ఉండాలి: వెడల్పు గడికి ఒకటి, గుమ్మం దగ్గర దిగడానికి ఒకటి. రెండవదానికి కొత్త జాగా కూడా అక్కరలేదు. గేటు తెరిస్తే చాలు.

పర్మిట్ మనిషిది, బండిది కాదు

పాతబస్తీలో రోగి ఏ బండిలో వస్తాడు? ఆటోలో, తమ్ముని స్కూటర్ మీద, ప్రక్కింటివారి కారులో. సొంత కారు గలవారికే ఉపయోగపడే పర్మిట్ ఇక్కడ కలిగినవారికి మరొక కానుక అవుతుంది. బ్రిటన్ బ్యాడ్జి మనిషి పేరు మీద ఉంటుంది. ఏ బండిలో ఎక్కితే ఆ బండికి ఆ ప్రయాణం వరకు వర్తిస్తుంది. మనకు తగినది అదే. ఫోటో గల కార్డు ఒకటి రోగి చేతిలో ఉండాలి. దానిని చూపితే ఆటో బారికేడ్ దాటి నిజామియా గుమ్మం దాకా వెళ్లగలగాలి. రోగి దిగిన తరువాత ఆటో తిరిగి బయటికి రావాలి.

"పాతబస్తీ గల్లీలలో జాగా ఎక్కడిది?" అనేవారికి కూడా ఇదే జవాబు. కారు పట్టని గల్లీలో పార్కింగ్ గడి గీయమని ఎవరూ అడగడం లేదు. ఆటో వెళ్లగలిగిన చోటికి నడవలేని మనిషిని ఆటోలో వెళ్లనివ్వమని అడుగుతున్నాము.

దుర్వినియోగం మాటేమిటి?

తప్పక జరుగుతుంది. అందుకే మొదట మా వృత్తి గురించే చెబుతాను. కారు అద్దం మీద ఎర్రని ప్లస్ గుర్తు అంటించుకొని ఎక్కడ పడితే అక్కడ ఆపే వైద్యులను మీరందరూ చూసే ఉంటారు. తెల్లని నేల మీది ఎర్ర శిలువ వైద్యుల గుర్తు కాదు. 1960 నాటి జెనీవా ఒప్పందాల చట్టం ప్రకారం అనుమతి లేకుండా దానిని వాడడమే నేరం. చదువుకొన్నవారమే ఇట్లా చేస్తే, తెలిసినవారికి ఉత్తుత్తి సర్టిఫికెట్లు వ్రాసి ఇవ్వమన్న నమ్మకం ఏమిటి?

కనుక పర్మిట్ అధికారం చికిత్స చేసే వైద్యుని ఒక్కని చేతిలో ఉండరాదు. రోగి ముఖం చూసి కాదనడం అతనికి కష్టం. అతడు జబ్బు వివరాలు వ్రాసి ఇవ్వాలి. నడకను మరొకరు కొలవాలి. దీనికి స్కానింగులు అక్కరలేదు. 30 మీటర్ల గీత, ఒక కుర్చీ, ఒక గడియారం, వేలికి తగిలించే పల్స్ ఆక్సీమీటర్ ఉంటే చాలు. ఆరు నిమిషాల నడక పరీక్షకు ప్రపంచమంతటా వాడే సామగ్రి ఇంతే. బస్తీ దవాఖానాలో దరఖాస్తు తీసుకొని, ఏరియా ఆసుపత్రి ఫిజియోథెరపిస్టు చేత నడిపించి చూస్తే సరిపోతుంది. నడిపించడమే ప్రమాదమైనవారిని నడిపించరాదు. గుండె నాలుగవ తరగతి రోగిని, స్పర్శ పోయిన పాదం మీద పుండు ఉన్నవారిని రికార్డు చూసి నిర్ణయించాలి. పార్కిన్సన్స్ వంటి జబ్బులలో ఉదయం నడిచిన మనిషి మధ్యాహ్నం బిగుసుకొనిపోతాడు. ఆ ఒక్క పూట చూసి తీర్పు చెప్పరాదు.

తుంటి ఎముక విరిగి ఆపరేషన్ అయినవారికి, మోకాలి మార్పిడి జరిగినవారికి, కీమోథెరపీలో ఉన్నవారికి డిశ్చార్జి కాగితం మీదనే ఆరు నెలలకు మించని తాత్కాలిక పర్మిట్ ఇవ్వవచ్చు. కోలుకొనే అవకాశం ఉన్నవారికి మూడేళ్లకొకసారి తిరిగి పరీక్ష ఉండాలి. కాలు పోయినవారిని మాత్రం మళ్లీ మళ్లీ రమ్మనరాదు. పోయిన కాలు మూడేళ్లలో మొలవదు.

40 శాతం వైకల్యం గలవారికి ఉద్దేశించిన ప్రయోజనాన్ని మోసంతో పొందితే రెండేళ్ల దాకా జైలు గాని, లక్ష రూపాయల దాకా జరిమానా గాని, రెండూ గాని విధించవచ్చునని 2016 చట్టపు 91వ సెక్షను చెబుతున్నది. కొత్త పర్మిట్‌కు నగరపాలక సంస్థ తన సొంత జరిమానాను కూడా వ్రాసుకోవాలి. రోగి లేకుండా కార్డు వాడిన బంధువుకు, అబద్ధపు కాగితం వ్రాసిన వైద్యునికి అది సమానంగా వర్తించాలి.

మీరు చేయవలసినది

వ్యాసం చదివి నిట్టూర్చితే ఎవరికీ ఉపయోగం లేదు. మీరు వెళ్లే ఆసుపత్రి సూపరింటెండెంటుకు ఒక దరఖాస్తు వ్రాయండి. నడవలేని రోగి గల ఆటోను గుమ్మం దాకా రానివ్వాలని, దిగేచోట బల్ల, చక్రాల కుర్చీ ఉంచాలని, వెడల్పు గళ్లలో సిబ్బంది బండ్లు లేకుండా చూడాలని అడగండి. ఇందుకు కొత్త చట్టం అక్కరలేదు, ఒక సర్క్యులర్ చాలు. మీ కార్పొరేటరును, ఎమ్మెల్యేను కలిసినప్పుడు చార్మినార్ బారికేడ్ల దగ్గర ఇటువంటి కార్డును గుర్తించే నియమం కావాలని అడగండి. గోషామహల్‌లో కట్టే ఆసుపత్రి గేటు నమూనా బయటికి వచ్చినప్పుడు ఆటో ఎక్కడ ఆగుతుందో చూడండి, ఎన్ని అంతస్తులన్నది తరువాత చూడవచ్చు.

మీ ఇంటిలో నడక తగ్గినవారు ఉంటే వారిని ఇంటి గుమ్మం నుండి గల్లీ మొదటి దాకా మెల్లగా నడవమని, మీరు ప్రక్కనే నడవండి. ఎన్ని అడుగులకు ఆగారో, ఎందుకు ఆగారో, ఆయాసమా, ఛాతీ నొప్పా, పిక్క నొప్పా, తల తిరగడమా, కాగితం మీద వ్రాయండి. కూర్చొని ఉన్నప్పుడే ఆయాసం ఉన్నవారిని, పాదం మీద పుండు ఉన్నవారిని మాత్రం నడిపించకండి. ఆ కాగితాన్ని తరువాతి ఓపీకి తీసుకొని వెళ్లండి. పర్మిట్ వచ్చే రోజు ఎప్పుడైనా కానివ్వండి, ఆ నాలుగు వాక్యాలు మీ డాక్టరుకు ఈ రోజే ఉపయోగపడతాయి.